కప్పులో కరిగేది పంచదారే

బరువు తగ్గాలనుకునేవాళ్ళ ప్రశ్నలు కాలాన్నిబట్టి మారుతుంటాయి. ఒకప్పుడు పరగడుపున తేనె, నిమ్మరసం. తర్వాత కొన్నేళ్ళు గ్రీన్ టీ. ఇప్పుడు బ్లాక్ కాఫీ. ప్రభుత్వాసుపత్రిలో డైటీషియన్‌గా చేసి రిటైరైనదాన్ని కాబట్టి పెళ్ళిభోజనాల్లో పక్క కుర్చీవాళ్ళు కూడా నన్ను వదలరు. "కాఫీ తాగితే మెటబాలిజమ్ పెరుగుతుందట కదండీ, ఒళ్ళు తగ్గుతుందట కదా?" అంటారు. అందులో మొదటి సగం నిజం, రెండో సగం ఆశ. ఉద్యోగంలో ఉండగా చూసినవీ, చదివినవీ కలిపి ఆ రెంటికీ మధ్య ఎంత దూరముందో రాస్తున్నాను. కాఫీ మీద నాకు కక్షేమీ లేదు. ఫిల్టర్లో డికాక్షన్ దిగుతున్న వాసన రాకపోతే నాకూ తెల్లవారినట్టుండదు.

1. పెరుగుతుంది, ఎంతని అడగాలి

కెఫీన్ ఒంట్లో ఖర్చు పెంచుతుందన్నది పుకారు కాదు. మనం మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ, ఇక అలిసిపోయావని మనకు తెలియజేస్తుంటుంది. కెఫీన్ వెళ్ళి అది కూర్చోవలసిన చోట తాను కూర్చుంటుంది. దాంతో మత్తు వదులుతుంది, ఎడ్రినలిన్ కాస్త ఎక్కువ ఊరుతుంది, ఊరికే కూర్చున్నా ఒళ్ళు మామూలుకన్నా కొంచెం ఎక్కువ క్యాలరీలు ఖర్చుపెడుతుంది.

ఆ కొంచెం ఎంతో 1989లో అచ్చయిన ఒక అధ్యయనం కొలిచి చూపింది. 100 మిల్లీగ్రాముల కెఫీన్, అంటే ఒక గట్టి కాఫీలో ఉండేంత ఇస్తే, తర్వాతి రెండున్నర గంటల్లో విశ్రాంతిగా ఉన్నప్పటి ఖర్చు 3 నుంచి 4 శాతం పెరిగింది. శాతం అనగానే పెద్దగా వినిపిస్తుంది. లెక్క వేసి చూడండి. ఏ పనీ చేయకుండా పడుకున్నా రోజుకి 1400 క్యాలరీలు ఖర్చయ్యే మనిషికి రెండున్నర గంటల్లో అయ్యేది దాదాపు 146. అందులో 4 శాతం అంటే ఆరు క్యాలరీలు. చెంచా పంచదారలో 20 ఉంటాయి. కప్పు కాఫీలోని కెఫీన్ కరిగించేది చెంచాడు పంచదారలో మూడో వంతు కూడా కాదన్నమాట.

అదే అధ్యయనంలో రెండేసి గంటలకోసారి 100 మి.గ్రా. చొప్పున పగలు పన్నెండు గంటలూ ఇచ్చి చూశారు. సన్నగా ఉన్నవాళ్ళకి రోజు మొత్తం మీద 150 క్యాలరీలు అదనంగా ఖర్చయ్యాయి. ఒకప్పుడు లావుగా ఉండి తగ్గినవాళ్ళకి 79 మాత్రమే. ఈ రెండో అంకె దగ్గరే నేనెప్పుడూ ఆగిపోతాను. అవసరం ఉన్నవాళ్ళకే తక్కువ పనిచేసే మందు ఇది! ఆ 79 కోసం అన్ని కప్పులు పడితే గుండెదడ, నిద్రలేమి ఊరికే వస్తాయి.

ఇంకొకటి. కెఫీన్ వల్ల కొవ్వు కణాల్లోంచి కొవ్వు ఆమ్లాలు రక్తంలోకి వస్తాయి. "ఫ్యాట్ బర్నర్" అనే ముద్ర పడింది అందుకే. కానీ బయటికి రావడం వేరు, ఖర్చవడం వేరు. కండరం కదలకపోతే వచ్చినదాంట్లో చాలావరకు మళ్ళీ కొవ్వుగానే వెళ్ళి కూర్చుంటుంది.

2. మన కాఫీలో కాఫీ తక్కువ

ఆ ప్రయోగాలన్నీ కెఫీన్‌తో చేసినవి. మన ఇళ్ళలో తాగేది పాలూ పంచదారా కలిసిన చిన్న టిఫిను. 100 మి.లీ. టోన్డ్ పాలలో 60 క్యాలరీలకు అటూ ఇటూగా ఉంటాయి. ఫుల్ క్రీమ్ ప్యాకెట్ అయితే 85 దాటుతుంది, ఇంటి గేదె చిక్కటి పాలైతే నూరు. దానికి రెండు చెంచాల పంచదార 40. ఎంత పొదుపుగా కలిపినా గ్లాసుకి నూరు క్యాలరీలు. నూరు లోపల వేసి ఆరు కరిగించుకోవడం ఏ లెక్కన లాభమో ఎవరైనా చెబితే వింటాను.

ఆస్పత్రిలో "నిన్న పొద్దున్నించీ ఏమేం తిన్నారో చెప్పండమ్మా" అని అడిగితే ఇడ్లీలెన్నో, అన్నం ఎన్ని గరిటెలో, పెరుగు వేసుకున్నదీ లేనిదీ అన్నీ చెప్పేవారు. కాఫీ మాట ఎత్తేవారు కాదు. నేనే అడగాలి. "కాఫీ, టీలు?" "అవి మామూలేనండీ." ఆ మామూల్లో పొద్దున్నే ఒకటి, టిఫిన్ తర్వాత ఒకటి, పదకొండుకి సగం గ్లాసు, నాలుగింటికి ఒకటి, ఎవరైనా వస్తే వాళ్ళతోపాటు ఇంకొకటి. అన్నం సగానికి తగ్గించినా తూకం కదలడం లేదని వచ్చినవాళ్ళలో ఎంతోమంది సంగతి ఈ మామూల్లోనే తేలేది. శనివారం ఉపవాసం, కార్తీక సోమవారం ఉపవాసం చేసేవాళ్ళ సంగతి మరీ విచిత్రం. పగలంతా మెతుకు ముట్టరు, కాఫీ మీద కాఫీ. దేవుడితో వాళ్ళ ఒప్పందం సంగతి నాకు తెలీదు గానీ, క్యాలరీల లెక్కలో అది ఉపవాసం కాదు.

2023లో హార్వర్డ్ పరిశోధకులు అమెరికాలో వేలాదిమంది నర్సులు, ఇతర ఆరోగ్యరంగ ఉద్యోగుల మీద ఏళ్ళ తరబడి సేకరించిన వివరాలు పరిశీలించి ఒక వ్యాసం ప్రకటించారు. పంచదార లేని కాఫీ రోజుకి ఒక కప్పు పెంచుకున్నవాళ్ళు నాలుగేళ్ళలో, పెంచుకోనివాళ్ళకన్నా 120 గ్రాములు తక్కువ బరువు పెరిగారు. సరిగ్గా చదవండి, తగ్గడం కాదు, తక్కువ పెరగడం. నాలుగేళ్ళకి 120 గ్రాములు! ఒక చెంచా పంచదార చేర్చుకున్నవాళ్ళు 90 గ్రాములు ఎక్కువ పెరిగారు. నాకు అన్నిటికన్నా ఆసక్తిగా తోచింది మరొకటి. కెఫీన్ తీసేసిన కాఫీ తాగినవాళ్ళలోనూ అదే 120 గ్రాముల తేడా. అంటే ఆ కాస్త మేలూ కెఫీన్ రగిలించిన మంట వల్లే వచ్చిందనడానికి లేదు. పంచదార నీళ్ళకి బదులు చేదు కాఫీ తాగడం వల్ల వచ్చి ఉండవచ్చని నా ఉద్దేశం.

చికోరీ కలిపిన పొడి వాడేవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. చికోరీలో కెఫీన్ ఉండదు. మన దేశంలో చికోరీ కలిపిన కాఫీపొడిలో అది 49 శాతం దాకా ఉండొచ్చు. చిక్కగా, నల్లగా ఉందని అది గట్టి కాఫీ అయిపోదు.

3. నెయ్యి వేసినా, నిమ్మకాయ పిండినా

వేడి కాఫీలో వెన్న గిలకొట్టుకుని తాగే పద్ధతి అమెరికా నుంచి వచ్చింది. మనవాళ్ళు వెన్న తీసి నెయ్యి వేశారు. పెద్ద చెంచా నెయ్యి అంటే 120 క్యాలరీల పైనే. పొద్దున టిఫిన్ మానేసి అదొక్కటే తాగి మధ్యాహ్నం దాకా ఉంటే సరే, లెక్కకి లెక్క. నేను చూసినవాళ్ళు మాత్రం నెయ్యి కాఫీ తాగి, తర్వాత పెసరట్టు కూడా తినేవారు. ఇక కాఫీలో నిమ్మరసం పిండితే కొవ్వు కరుగుతుందన్న మాట గురించి రాయడానికి ఏమీ లేదు. కాఫీ రుచి మాత్రం పోతుంది.

4. టీ సంగతి

ఇరానీ చాయ్ ఒంటికి మంచిదా అని హైదరాబాదు బంధువులు అడుగుతారు. గంటల తరబడి మరిగిన డికాక్షన్, మరిగించి చిక్కబరిచిన పాలు, దండిగా పంచదార, పక్కన రెండు ఉస్మానియా బిస్కెట్లు. అది ఆనందం. ఆనందాన్ని ఆనందంగానే తాగండి, మందు చేయకండి.

గ్రీన్ టీ మీద ఆశ పూర్తిగా గాలిలోంచి పుట్టలేదు. 1999లో జెనీవాలో పదిమంది మగవాళ్ళకి గ్రీన్ టీ సారం ఇస్తే ఇరవైనాలుగు గంటల ఖర్చు 4 శాతం పెరిగింది. కెఫీన్ ఒక్కటే ఇస్తే అంత పెరగలేదు కాబట్టి అందులోని క్యాటెచిన్లనే పదార్థాలకి పేరొచ్చింది. తర్వాత ఎన్నో ప్రయోగాలు జరిగాయి. 2012లో కోక్రేన్ సంస్థ వాటిని ఒకచోట చేర్చి చూసి, లావుగా ఉన్నవాళ్ళలో గ్రీన్ టీ వల్ల తగ్గే బరువు చాలా స్వల్పం, వైద్యపరంగా లెక్కలోకి వచ్చేంత కాదు అని తేల్చింది. పాలూ పంచదారా లేకుండా తాగుతారు కాబట్టి గ్రీన్ టీకి నా ఓటు ఉంది. డబ్బా మీద రాసిన దానికి లేదు.

5. తూకం యంత్రం చేసే మాయ

కాఫీ మానేసి కొన్నాళ్ళయినవాళ్ళు మళ్ళీ మొదలుపెడితే మొదటి రెండు మూడు రోజులు మూత్రం ఎక్కువ పోతుంది, విరేచనం సాఫీగా అవుతుంది, తూకం అరకిలో తగ్గినట్టు చూపిస్తుంది. పోయింది నీళ్ళే. మూడో రోజుకి ఒళ్ళు అలవాటు పడుతుంది. అంతే.

6. బెంగళూరులో మారిన అంకెలు

వేయించని పచ్చి కాఫీ గింజల పొడి, గ్రీన్ కాఫీ అని, మన మందుల షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ అమ్ముతున్నారు. దాని కథ తెలిసినవాళ్ళు మళ్ళీ కొనరు. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

2012లో ఒక వైద్యపత్రికలో వ్యాసం వచ్చింది. ప్రయోగం జరిగింది బెంగళూరులో, పదహారుమంది మీద. తిండి పెద్దగా మార్చకుండానే, గ్రీన్ కాఫీ సారం తీసుకున్నవాళ్ళు 22 వారాల్లో సగటున ఎనిమిది కిలోలు తగ్గారని అందులో రాశారు. ఆ ఏడే అమెరికాలో డాక్టర్ ఓజ్ టీవీ కార్యక్రమంలో దాన్ని ఆకాశానికెత్తారు. ఇంకేముంది, సీసాలు సీసాలుగా అమ్ముడుపోయాయి. 2014లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తవ్వి చూస్తే, బెంగళూరులో ప్రయోగం నడిపిన పరిశోధకుడు మనుషుల బరువులు పదేపదే మార్చి రాశాడనీ, ఎవరు ఎప్పుడు అసలు మందు తీసుకున్నారో, ఎప్పుడు ఉత్తుత్తి మందు తీసుకున్నారో కూడా సరిగ్గా లేదనీ తేలింది. ఖర్చు పెట్టిన కంపెనీ 35 లక్షల డాలర్లు చెల్లించి రాజీపడింది. వ్యాసాన్ని పత్రిక వెనక్కి తీసుకుంది. అదే ఏడు ఆ టీవీ డాక్టరుని సెనేట్ కమిటీ ముందు కూర్చోబెట్టి ఇలాంటి ప్రచారాల మీద అడగవలసినవన్నీ అడిగారు.

వ్యాసం వెనక్కి పోయింది గానీ, పొడి ప్యాకెట్ వెనక్కి పోలేదు. "అధ్యయనాల్లో రుజువైంది" అని ఎవరైనా చూపిస్తే నేను రెండే అడుగుతాను. ఎంతమంది మీద? డబ్బెవరిది?

జిమ్‌కి వెళ్ళే కుర్రాళ్ళకి ఇంకో మాట కూడా చెప్పాలి. కెఫీన్‌తో ఎఫెడ్రా అనే మూలిక కలిపిన మాత్రలు నిజంగానే బరువు తగ్గించేవి. వాటితోపాటు గుండెపోటు, పక్షవాతం కేసులూ వచ్చాయి. 2004లో అమెరికా ఎఫెడ్రా ఉన్న సప్లిమెంట్లని నిషేధించింది. పేరు లేని డబ్బాలో, విదేశీ సరుకని చెప్పి ఎవరైనా ఇస్తే అందులో ఏముందో ఇచ్చినవాడికీ తెలీదు.

7. నిజంగా పనికొచ్చేది ఇక్కడ

కాఫీ వల్ల సన్నబడినవాళ్ళని నేను చూడలేదు. కాఫీ తాగి నడకకి వెళ్ళి సన్నబడినవాళ్ళని చూశాను. ఆ తేడా చిన్నది కాదు.

1978లో అమెరికాలోని బాల్ స్టేట్ విశ్వవిద్యాలయంలో సైకిలు తొక్కేవాళ్ళకి ఒకసారి 330 మి.గ్రా. కెఫీన్ ఉన్న కాఫీ, ఒకసారి కెఫీన్ తీసేసిన కాఫీ ఇచ్చి, ఇక తొక్కలేమనేదాకా తొక్కించారు. కెఫీన్ లేకుండా సుమారు 75 నిమిషాలు, ఉంటే 90. ఆ తర్వాత దశాబ్దాలుగా జరిగిన పరిశోధనా అటే మొగ్గింది. శ్రమ తక్కువగా అనిపిస్తుంది, కాబట్టి ఎక్కువసేపు చేస్తారు. క్రీడల్లో ఒకప్పుడు కెఫీన్‌కి హద్దుండేది. 2004లో నిషేధిత జాబితాలోంచి తీసేశారు.

మనకి సైకిలు పందేలు అక్కర్లేదు. అరగంట చురుగ్గా నడిస్తే, 65 కిలోల మనిషికి నూటపాతిక క్యాలరీల వరకు ఖర్చవుతాయి. పైన లెక్కగట్టిన ఆరుతో పోల్చుకోండి. బద్ధకం వల్ల నడక మానేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. పాలు లేకుండా, లేదా చెంచాడు పాలతో, పంచదార లేకుండా చిన్న కప్పు తాగండి. తర్వాత చెప్పులు తొడుక్కోండి. కప్పు తాగి మళ్ళీ పేపరు చదువుతూ కూర్చుంటే కాఫీకి ఆ పని చేతకాదు. బీపీ ఉన్నవాళ్ళు, గుండెదడ ఉన్నవాళ్ళు ముందు డాక్టర్ని అడగాలి.

8. నాలుగింటి కాఫీ రాత్రి ఆకలవుతుంది

కెఫీన్ సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. కొందరికి ఇంకా ఎక్కువ. గర్భిణులకైతే చాలా ఎక్కువ. సాయంత్రం ఐదింటికి తాగింది రాత్రి పదింటికి ఇంకా సగం ఉంటుంది. 2013లో ఒక ప్రయోగంలో పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మి.గ్రా. ఇస్తే నిద్ర గంటకు పైగా తగ్గింది. నాకేం కాదండీ, కాఫీ తాగినా పడుకుంటాను అనేవాళ్ళుంటారు. పడుకుంటారు నిజమే. ఎంత గాఢంగా పడుకున్నారో వాళ్ళకి తెలీదు.

నిద్రకీ నడుము చుట్టుకొలతకీ సంబంధమేమిటంటే, 2004లో షికాగో పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళని రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది. తీపి, ఉప్పటి చిరుతిళ్ళ మీద యావ ఎక్కువైంది. రాత్రి పన్నెండింటికి వంటింట్లో చేగోడీల డబ్బా మూత చప్పుడు ఎందుకు వస్తుందో నాకు ఆ వ్యాసం చదివాకే అర్థమైంది. రాత్రి డ్యూటీల సాఫ్టువేరు పిల్లలకి కెఫీన్ తప్పదంటే, షిఫ్టు మొదటి సగంలో ముగించమంటాను.

9. మాత్రా, కాఫీ ఒకేసారి వద్దు

బరువు పెరుగుతోందని వచ్చే ఆడవాళ్ళలో థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు చాలామంది. పొద్దున లేవగానే మాత్ర, వెంటనే వేడి వేడి కాఫీ. కాఫీ ఆ మాత్రని పేగులోంచి ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. మాత్ర మంచినీళ్ళతో వేసుకుని కనీసం అరగంట, వీలైతే గంట ఆగి కాఫీ తాగాలి. మోతాదు పెంచుతూ పోయినా రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ దిగడం లేదని వచ్చినవాళ్ళకి మొదట కాఫీ ఎప్పుడు తాగుతున్నారో అడగమని మా డాక్టర్లే నాకు చెప్పేవారు. బరువు తగ్గాలని మాత్ర, చురుకుగా ఉండాలని కాఫీ. రెండోది మొదటిదాన్ని మింగేస్తోంది.

ఇనుము సంగతీ అంతే. మన రెండు రాష్ట్రాల్లోనూ సగం మందికి పైగా ఆడవాళ్ళకి రక్తహీనత ఉంది. 1983లో అచ్చయిన ఒక ప్రయోగంలో భోజనంతోపాటు కాఫీ తాగితే ఇనుము పట్టడం 39 శాతం, టీ తాగితే 64 శాతం తగ్గింది. రక్తం తక్కువైతే నీరసం, నీరసమైతే ఇంకో కాఫీ. మెట్లెక్కడానికే ఆయాసపడే మనిషిని నడవమని ఎలా చెబుతాం? హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో భోజనానికి గంట ముందూ, గంట తర్వాతా కాఫీ, టీలు వద్దంది. టిఫిన్ ప్లేటు పక్కనే గ్లాసు పెట్టే అలవాటు మన ఇళ్ళలో ఎంత గట్టిదో తెలుసు. అయినా ఇంటి ఆడవాళ్ళకైనా ఈ ఒక్కటి మార్చి చూడండి.

10. ఎంతవరకు

ఆ సూచనల్లోనే లెక్కలున్నాయి. 150 మి.లీ. డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 మి.గ్రా., ఇన్‌స్టంట్‌లో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65. రోజుకి 300 దాటవద్దన్నారు. కడుపుతో ఉన్నవాళ్ళకి 200 లోపే అని ప్రసూతి వైద్యులు చెబుతారు. ఎనర్జీ డ్రింకు చిన్న డబ్బాలో సుమారు 80 మి.గ్రా. కెఫీన్ ఉంటుంది. దానితోపాటు ఐదు చెంచాలు దాటే పంచదార కూడా. పదో తరగతి పరీక్షలకి పిల్లలు దాన్ని తెచ్చుకుంటున్నారు. పిల్లలకి తగదని డబ్బా మీదే రాసి ఉంటుంది, తండ్రులు కళ్ళజోడు పెట్టుకుని చదవాలి.

తగ్గించాలనుకుంటే ఒక్క రోజులో మానేయకండి. రెండో రోజుకల్లా తలనొప్పి, చిరాకు, మగత వస్తాయి. ఆ తలనొప్పికి ఏ మైగ్రేనో అని స్కానింగుల దాకా వెళ్ళినవాళ్ళున్నారు. వారానికి అరకప్పు చొప్పున తగ్గించుకుంటూ రండి. మొదట సాయంత్రం కప్పు, తర్వాత పదకొండు గంటలది. పంచదార కూడా ఒకేసారి తీసేస్తే ఇంట్లో గొడవవుతుంది. రెండు చెంచాలు ఒకటిన్నర చేసి, ఎవరికీ చెప్పకండి. వారం తర్వాత ఒకటి చేయండి. మా ఇంట్లో అలాగే చేశాను. కాఫీపొడి మారిందా అని అడిగారు గానీ, పంచదార మాట ఎవరూ ఎత్తలేదు.